పక్కనే గోడ లేస్తుంటే వాగులో రాళ్లు పేర్చి ఏం లాభం?

సాగువారో_సుధ
పోయిన రెండు శనివారాలు మా అమ్మాయిని తీసుకుని ఆరిజోనాలో పటగోనియా అనే ఊరి దగ్గర ఒక వాగులో రాళ్లు పేర్చే పనికి వెళ్లాను. టూసాన్ నుంచి గంట పైచిలుకు ప్రయాణం. పాతిక మంది దాకా వచ్చారు, సగం మంది రిటైరైనవాళ్లే. వాన పడ్డప్పుడు నీళ్లు ఒక్క ఉరుకున పోయి మట్టిని కోసెయ్యకుండా వాగుకి అడ్డంగా రాళ్లు వరసలుగా పాతుతాం. ఒక్క రాయి ఎత్తు, అంతే. చేతులు బొబ్బలెక్కాయి గానీ ఆ రాత్రి ఎన్నాళ్లకో కమ్మగా నిద్ర పట్టింది.

ఉగాది రోజు స్నేహితుల ఇంట్లో భోజనాల దగ్గర ఈ మాట చెప్తే ఒకాయన అన్నారు: "అమ్మా, పక్కన మెక్సికో సరిహద్దులో ముప్ఫై అడుగుల ఇనుప గోడ లేస్తోంది. నువ్వు అడుగెత్తు రాళ్లు పేర్చి ఎవర్ని కాపాడతావు? నీళ్లు తాగాల్సిన జంతువు ముందు ఆ గోడ దాటి రావాలిగా?" అందరూ నవ్వారు. మా అమ్మాయి నా మొహంలోకి చూసింది. నాకు జవాబు తోచలేదు.

మూడో శనివారం వెళ్లాలా వద్దా అని ఊగిసలాడుతున్నాను. ఇలాంటి పనులు చేసినవాళ్లు, ఆ కొండల సంగతి తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. ఓదార్పు మాటలు వద్దు.

చాండ్లర్_శీను
ఉన్నదున్నట్టు చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా, కోపం తెచ్చుకోకండి. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? శాన్ రఫాయెల్ లోయ మీదుగా 27 మైళ్ల గోడకి 2025లో కాంట్రాక్టు ఇచ్చేశారు. మీ వాగుకి ఆ లోయ ఎంతో దూరం లేదు. రాళ్ల మీద పెట్టే శనివారాలు గోడ మీద పెట్టండి. ఉత్తరాలు రాయండి, కోర్టు ఖర్చులకి చందా ఇవ్వండి. కాలికి ముల్లు గుచ్చుకుంటే నెత్తికి నూనె రాసుకున్నట్టుంది ఈ పని.

గోడమీదిపిల్లి
నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది.

నల్లగొండ_నవీన్
ఈ థ్రెడ్‌కి ఇంతకన్నా సరిపోయే పేరు ఇంకెవరికీ ఉండదన్నా 😄

విషయానికొస్తా. ఇక్కడ యూనివర్సిటీలో చదువుకుంటూ రెండేళ్లుగా కెమెరా ఫొటోలు చూసి ఏ జంతువో గుర్తు పట్టే వాలంటీర్ పని చేస్తున్నా. వేల ఫొటోల్లో తొంభై వంతులు గాలికి ఊగే గడ్డే ఉంటుంది. మిగిలినవాటి కోసమే కూర్చుంటాం.

శీను అన్న చెప్పిన గోడ దెబ్బ నిజమే. స్కై ఐలాండ్ అలయన్స్ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ వాళ్లు 2020 నుంచి హువాచుకా, పటగోనియా కొండల దిగువన సరిహద్దు వెంట కెమెరాలు పెట్టారు. వాళ్లూ వైల్డ్‌ల్యాండ్స్ నెట్‌వర్క్ వాళ్లూ కలిసి చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. బండ్లను మాత్రమే ఆపే పాత అడ్డుకమ్మీలు ఉన్న చోటుతో పోలిస్తే, గోడ ఉన్న చోట జంతువులు దాటడం 86 శాతం తక్కువ. ఊచకీ ఊచకీ మధ్య నాలుగు అంగుళాల సందు. కుందేలు దూరుతుంది. జింక దూరదు, ఎలుగు దూరదు, అడవి టర్కీ కోడి కూడా దూరదు. చిన్న జంతువుల కోసమని గోడ అడుగున అక్కడక్కడా కంతలు పెట్టారు. ప్రింటర్‌లో పెట్టుకునే కాగితం ఎంత ఉంటుందో ఆ కంత అంతే. వాళ్లు చూసిన ఎనభై మైళ్ల పైచిలుకు గోడలో అలాంటివి 13 ఉన్నాయి.

ఆ కంతలోంచి కాయోటీలు (నక్కలాంటివి) పోతున్నాయి, హావెలీనాలు కూడా పోతున్నాయి (చూడ్డానికి మన అడవిపందిలా ఉంటాయి). ఉన్న కాస్త సందునే వాడుకుంటున్నాయి. 13 కంతలు 130 చెయ్యమని అడగడానికి ఇప్పుడు చేతిలో లెక్క ఉంది. ఆ లెక్క వచ్చింది నాలాంటి వాలంటీర్లు కూర్చుని గడ్డి ఫొటోలు పక్కకి తీసేస్తేనే.

వీసా_వెంకట్
సుధ గారూ, ఒక చిన్న డౌట్. అటు వైపు చెక్‌పాయింట్లు ఉంటాయంటారు కదా. మేము హెచ్1బీ. శనివారం పూట సరదాగా వెళ్తే ఏమన్నా అడుగుతారేమోనని మా ఆవిడకి టెన్షన్.

సాగువారో_సుధ
వెంకట్ గారూ, వెళ్లేటప్పుడు ఏమీ ఉండదు. తిరిగొచ్చేటప్పుడు టూబాక్ దగ్గర, 83వ నంబరు దారిలో చెక్‌పాయింట్లు ఉంటాయి. పాస్‌పోర్టు, ఐ-94, వీసా కాగితాలు వెంట ఉంచుకోండి. ఫొటోలు కాదు, అసలువే. మమ్మల్ని "సిటిజనా?" అని అడిగి పంపించేశారు, అర నిమిషం కూడా పట్టలేదు.

పెనుకొండ_రాళ్లు
కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది పెనుకొండ పక్కన పల్లె. నాన్న వాటర్‌షెడ్ కమిటీలో ఉండేవాడు. వేసవి సెలవుల్లో కొండ వాగుల్లో రాతికట్టలకి నేనూ రాళ్లు మోశా, కూలీ తీసుకున్నా. పన్నెండేళ్లుగా సియెర్రా విస్టాలో ఉంటున్నా. ఇక్కడికొచ్చాక మొదటిసారి చిరికావా కొండల్లో రాతికట్ట చూసి నిలబడిపోయాను. మా ఊరి కట్టే. అదే పని, అదే ఒడుపు.

అక్కడ 1980లలో వేలర్ క్లార్క్ అనే ఆవిడ, ఆమె భర్త ఎల్ కొరొనాడో అనే పశువుల క్షేత్రం కొన్నారు. వాగులన్నీ కోసుకుపోయి ఉండేవి. రాళ్లు పేర్చడం మొదలుపెట్టారు. పదులూ వందలూ కాదు, వేలు. స్పానిష్‌లో వీటిని ట్రించెరాలు అంటారు, ఆ ప్రాంతపు పాత జనం ఎప్పట్నుంచో కట్టుకున్నవే. తర్వాత మెక్సికో వైపు కూడా భూములు తీసుకుని అదే పని చేశారు. ఆ సంస్థ పేరు క్వెంకా లోస్ ఓహోస్.

అప్పట్లో కింది వాళ్లకి ఒక భయం ఉండేది, "పైన కట్టలు కడితే మా నీళ్లు ఆగిపోతాయి" అని. మా ఊళ్లో కూడా సరిగ్గా ఇదే తగాదా. అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే వాళ్లు ఆ కొండల్లో పక్కపక్కన ఉన్న రెండు వాగులు కొలిచారు. ఒకదాంట్లో కట్టలున్నాయి, రెండోదాంట్లో లేవు. కట్టలున్న వాగులో వరద ఉధృతి సగానికి తగ్గింది. మొత్తం పారిన నీళ్లు మాత్రం 28 శాతం ఎక్కువ. తగ్గలేదు, పెరిగింది! ఎందుకంటే రాళ్ల వెనక చేరిన ఒండ్రు స్పంజిలా నీళ్లు పీల్చుకుని, వాన వెలిశాక మెల్లగా ఊటగా వదులుతుంది. గంటలో కొట్టుకుపోవాల్సిన నీరు రోజుల తరబడి పారుతుంది.

సుధక్కా, మీరు అడిగిన లాభం ఇదే. మెక్సికో నుంచి జాగ్వార్ (మన చిరుతలాంటిది) వస్తుందా రాదా అన్నది తర్వాత మాట. వాగు నిలబడితే గడ్డి నిలబడుతుంది, కప్ప నిలబడుతుంది, వాటిని తినేవి నిలబడతాయి. గోడకి ఇవతలున్న జీవాలు కూడా జీవాలే కదా!

ఇంకో మాట, పని గురించి. మొదటి వరస రాళ్లు కింది వైపు చిన్న గాడి తవ్వి అందులో పాతండి. నీళ్లు దూకి పడే చోటు అది, అక్కడ తవ్వుకుపోతే పైదంతా కూలుతుంది. రాళ్లు పళ్ల వరసలా బిగుతుగా ఉండాలి. కాలు పెట్టి ఊపితే కదలకూడదు. రెండు చివరలూ గట్టులోకి గుచ్చాలి, లేకపోతే నీళ్లు పక్క నుంచి తిరిగి గట్టుని తినేస్తాయి. ఎత్తు పెంచాలనే ఆశ వద్దు. ఎత్తుగా కడితే ఒక్క వరదకే పోతుంది. ఒక్క రాయి ఎత్తున మూడు నాలుగు వరసలు వెయ్యండి, నిండాక దాని మీద ఇంకోటి.

సాగువారో_సుధ
మేము మొదటి రోజు కట్టినదానికి గట్టులోకి గుచ్చలేదు అన్నా! ఇప్పుడెలా?

పెనుకొండ_రాళ్లు
జూన్ లోపు ఎప్పుడైనా వెళ్లి సరిచెయ్యొచ్చు. ఇక్కడి మాన్‌సూన్ జూన్ 15 నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా అని లెక్క, గట్టి వానలు మాత్రం జూలైలోనే మొదలవుతాయి.

చాండ్లర్_శీను
పోస్టు బాగుందన్నా, 28 శాతం సంగతి నాకు తెలీదు. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఈ కొండల ప్రత్యేకతే అటూ ఇటూ రాకపోకలు. ఉత్తరాన రాకీ పర్వతాలు, దక్షిణాన సియెర్రా మాద్రే. ఈ రెండింటి మధ్య ఎడారిలో దీవుల్లా నిలబడ్డ యాభైకి పైగా కొండలు. అందుకే స్కై ఐలాండ్స్ అన్నారు. కింద సాగువారో అనే పెద్ద కాక్టస్ చెట్లు, పైన పైన్ చెట్లు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి జంతువు నడిచి పోతేనే రక్తం కలుస్తుంది. దారి మూసేసి లోపల తోట పెంచితే అది జూ అవుతుంది, అడవి అవ్వదు.

నల్లగొండ_నవీన్
"జూ" అన్నమాట కొంచెం ఎక్కువైందన్నా, కానీ రాకపోకల పాయింట్ నూటికి నూరు పాళ్లు కరెక్ట్. ఆరిజోనాలో ఆఖరి ఆడ జాగ్వార్‌ని 1963లో కాల్చేశారు. అప్పట్నుంచి ఇక్కడ కనపడ్డవన్నీ మగవే, అన్నీ మెక్సికోలోని సొనోరా నుంచి నడిచొచ్చినవే. సాంటా రీటా కొండల్లో 2012 నుంచి 2015 దాకా తిరిగినదానికి టూసాన్ బడిపిల్లలు ఎల్ హెఫే అని పేరు పెట్టారు. తర్వాత కనపడలేదు. పోయిందనే అనుకున్నారు. 2021లో సొనోరాలో ఒక కెమెరాకి చిక్కింది. ఒంటి మీద మచ్చలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. మచ్చలు పోల్చి చూస్తే అదే!

2023 డిసెంబర్‌లో హువాచుకా కొండల్లో ఇంకోటి కొత్తది కనపడింది. దానికి ఇక్కడి ఆదివాసులు తొహోనో ఓధమ్ వాళ్లు వాళ్ల భాషలో పేరు పెట్టారు. గోడ పూర్తిగా మూసుకుపోని చోట్లు ఉన్నాయి కాబట్టే వచ్చింది. ఆ చోట్లలో ఒకటి శాన్ రఫాయెల్ లోయ. అందుకే ఆ 27 మైళ్ల మాట వింటే మాకు ఇక్కడ ముద్ద దిగడం లేదు.

గొర్రెలమంద
అందరూ జాగ్వార్ గురించే మాట్లాడుతున్నారు, ఆవుల వాళ్ల గురించి ఒక్కరూ ఎత్తలేదు. మాది ఆలూరు, తాతకి నూట ఇరవై గొర్రెలుండేవి. ఒక్క రాత్రి తోడేలు వచ్చి నాలుగింటిని పట్టుకుపోతే ఆయన మూడు రోజులు అన్నం ముట్టలేదు. అందుకే అడవి జంతువు అనగానే ముద్దు చేసేవాళ్లంటే నాకు కొంచెం ఇబ్బంది.

ఆరిజోనా, న్యూ మెక్సికో, మెక్సికో మూడూ కలిసే మూల ఉంది కదా, అక్కడి పశువుల కాపర్ల కుటుంబాలు 1994లో మాల్పాయ్ బోర్డర్‌ల్యాండ్స్ గ్రూప్ అని పెట్టుకున్నాయి. దాదాపు 8 లక్షల ఎకరాల మేర. భూముల్ని ముక్కలు చేసి ప్లాట్లుగా అమ్మబోమని రాసిచ్చారు. ఒకరి దగ్గర కరువొస్తే ఇంకొకరి బీడులో మేపుకునే ఏర్పాటు చేసుకున్నారు. గడ్డి భూములు పొదలుగా మారిపోతున్నాయని, ప్రభుత్వంతో మాట్లాడి అప్పుడప్పుడు లెక్క ప్రకారం నిప్పు పెట్టించారు. 1996 మార్చిలో వాళ్లలో ఒకాయన, వార్నర్ గ్లెన్, పెలొన్సియో కొండల్లో వేటకుక్కలతో పోతుంటే జాగ్వార్ ఎదురైంది. ఆయన తుపాకీ తియ్యలేదు, కెమెరా తీశాడు! జాగ్వార్ ఆవుని చంపితే నష్టపరిహారం ఇవ్వడానికి ఆ గ్రూపే డబ్బు పక్కన పెట్టింది.

నాకు బాగా గుర్తుండిపోయింది కప్పల కథ. చిరికావా చిరుతకప్ప అని ఒకటుంది, పోతున్న జాతి. కరువులో ఒక కుటుంబం వాళ్ల పశువుల కుంట ఎండిపోతుంటే కప్పలు చచ్చిపోతాయని ట్రక్కులో నీళ్లు తెచ్చి పోసింది, వారానికి వెయ్యి గ్యాలన్లు. ఆవులకి కాదు, కప్పలకి.

తేనెపిట్ట_పద్మ
చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి బాబూ. మా అమ్మ కూడా ఎండాకాలం పిచ్చికలకి మూకుడులో నీళ్లు పెట్టేది. మర్చిపోతే మమ్మల్ని కేకలేసేది.

శ్రీకాకుళం_స్వాతి
శీను గారూ, గోడ గురించి జనం ఏమీ చెయ్యలేరన్నట్టు మాట్లాడకండి. 2022 చివర్లో అప్పటి గవర్నర్ ఓడల కంటైనర్లు తెచ్చి అదే ప్రాంతంలో జాతీయ అడవి భూమిలో గోడలా పేర్పించాడు. పది మైళ్లు ప్లాను. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు వెళ్లి యంత్రాల ముందు కూర్చున్నారు. డిసెంబర్ చలిలో రాత్రిళ్లు కూడా అక్కడే. నాలుగు మైళ్లు కూడా దాటకుండానే పని ఆగిపోయింది, తర్వాత అన్నీ తీసేశారు.

చాండ్లర్_శీను
స్వాతి గారూ, నేను అన్నది కూడా అదే! వాళ్లు రాళ్లు పేర్చలేదు, యంత్రాల ముందు కూర్చున్నారు. పైగా కేంద్ర ప్రభుత్వం కోర్టుకెళ్లింది కాబట్టి తీశారు. ఇప్పుడు కడుతున్నది ఆ కేంద్రమే.

శ్రీకాకుళం_స్వాతి
ఆ కూర్చున్నవాళ్లు ఎవరనుకున్నారు? వాగులో రాళ్లు పేర్చేవాళ్లూ, పక్షులు లెక్కపెట్టేవాళ్లూ, ఊటలు వెతుక్కుంటూ తిరిగేవాళ్లూ. నేల మీద పని చేసినవాళ్లకే ఆ నేల ఎక్కడుందో తెలుసు. ఉత్తరాలు రాసే మనకి ఆ లోయ పేరు పలకడం కూడా అప్పుడే వచ్చింది.

ఎల్పాసో_రాజు
నేను న్యూ మెక్సికో పక్కన ఉంటా. 2021 నవంబర్‌లో ఇక్కడ ఒక మెక్సికన్ తోడేలు దక్షిణానికి పోదామని బయల్దేరి గోడ దగ్గరికొచ్చింది. మెడకి జీపీఎస్ పట్టీ ఉండబట్టి దాని జాడంతా తెలిసింది. గోడ వెంట 23 మైళ్లు నడిచింది. అయిదు రోజులు. ఎక్కడా సందు దొరకలేదు, వెనక్కి తిరిగి ఉత్తరానికి వెళ్లిపోయింది. ఆ మ్యాపు చూసినప్పుడు మా అబ్బాయి "దానికి ఎవరన్నా చెప్పొచ్చుగా నాన్నా" అన్నాడు.

సాగువారో_సుధ
ఇది చదివి ఇవాళ ఆఫీసులో పని చెయ్యబుద్ధి కాలేదు.

తేనెపిట్ట_పద్మ
గోడ ఎక్కలేని వాటి గురించే చెప్తున్నారు. ఎగిరే వాటి సంగతి నేను చెప్తాను.

మేము ఓరో వ్యాలీలో ఉంటాం. మావారు పోయాక అబ్బాయి దగ్గరికి వచ్చేశాను. పెరట్లో తేనెపిట్టలకి పంచదార నీళ్ల సీసాలు రెండు వేలాడదీశాను. రెండేళ్ల కిందట సెప్టెంబర్‌లో పొద్దున లేచేసరికి సీసాలు రెండూ ఖాళీ. చుట్టూ అంతా జిగురు. చీమలు కాదు, చీమలకి అంత తాగే శక్తి ఎక్కడిది? మూడో రాత్రి లైటు ఆర్పేసి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పది దాటాక గాలిలో టప్ మని ఒక చప్పుడు. ఇంకోటి. గబ్బిలాలు! ఒక్కోటి వచ్చి, సీసా ముందు క్షణం నిలబడి, పొడుగాటి నాలుక చాపి, చటుక్కున తిరిగిపోతుంది. ఒకటి నా చెంప పక్క నుంచే పోయింది, రెక్క గాలి తగిలింది. మొదట భయమేసింది. తర్వాత అర్ధరాత్రి దాకా లేవలేదు.

ఎదురింటి ఆవిడ చెప్పింది, ఇవి కిత్తనార పూల తేనె తాగే గబ్బిలాలట. మెక్సికో నుంచి పూలు పూసే దారి పట్టుకుని వస్తాయట. 1988లో అంతరించిపోయే జాబితాలో పెట్టారు, అప్పటికి వెయ్యి కూడా లేవనుకున్నారు. 2018కి రెండు లక్షలయ్యాయని జాబితాలోంచి తీసేశారు. కోలుకుందని అలా తీసేసిన మొదటి గబ్బిలం ఇదేనట. అందులో టూసాన్ ఇల్లాళ్ల చెయ్యి కూడా ఉంది. రాత్రి పడుకోబోయే ముందు, పొద్దున లేవగానే సీసాలో నీళ్లు ఎంతవరకున్నాయో గీత చూసి రాసి పంపేవాళ్లు. ఎప్పుడొచ్చాయి, ఎప్పుడు వెళ్లాయి అన్న లెక్క అలా తేలింది. పోయినేడు నుంచి నేనూ రాస్తున్నాను. 62 ఏళ్లకి నాకు దొరికిన ఉద్యోగం ఇది.

నల్లగొండ_నవీన్
పద్మ ఆంటీ, ఈ పోస్టు ప్రింటు తీసి మా ల్యాబ్‌లో గోడకి అంటిస్తా. మంచి గోడకి 🙂

పెనుకొండ_రాళ్లు
పద్మమ్మా, కిత్తనార అంటే గుర్తొచ్చింది. మా ఊళ్లో పొలం గట్ల మీద కంచెకి వేసేవాళ్లు, నార తీసి తాళ్లు పేనేవాళ్లు. అది మనదే అనుకున్నా ఇన్నాళ్లూ. దాని పుట్టిల్లు ఈ మెక్సికో వైపేనట! ఇక్కడ కొండల్లో ఉండే రకం పదీ ఇరవై ఏళ్లు ఊరికే ఉండి, ఒక్కసారి ఇంత పొడుగు కాడ వేసి పూసి, చచ్చిపోతుంది. అందుకే ఇప్పుడు నాటితే ఆ పూలు గబ్బిలాలకి అందేది మన పిల్లలు పెద్దయ్యాకే. అయినా ఇక్కడి వాళ్లు నాటుతున్నారు, రెండు దేశాల్లోనూ.

పశువుల_డాక్టరు
పుట్టిళ్ల మాట వచ్చింది కాబట్టి నాదీ ఒకటి. అనంతపురంలో పనిచేసినప్పుడు మెట్ట రైతులకి అంజన్ గడ్డి వేసుకోమని ఊరూరా తిరిగి చెప్పాను. కరువుకి తట్టుకుంటుంది, పశువులు ఇష్టంగా తింటాయి. ఇక్కడ మా అమ్మాయి దగ్గరికొచ్చి టూసాన్ కొండల్లో నడకకి వెళ్తే ఒక గుంపు గునపాలతో గడ్డి పీకుతోంది. దగ్గరికెళ్లి చూస్తే అంజన్ గడ్డే! ఇక్కడ బఫెల్ గడ్డి అంటారు.

పశువుల మేతకనే ఆఫ్రికా నుంచి తెచ్చి 1930లు, 40లలో వేశారట. ఎడారిలో మొక్కకీ మొక్కకీ మధ్య ఖాళీ నేల ఉంటుంది, అందుకే నిప్పు పాకదు. ఈ గడ్డి ఆ ఖాళీని నింపేస్తుంది. ఎండితే పెట్రోలే. సాగువారోకి నిప్పు తట్టుకునే గుణం లేదు. నూట యాభై ఏళ్ల చెట్టు ఒక్క మంటకి పోతుంది. టూసాన్ కొండల పార్కులో 2000 నుంచీ వాలంటీర్లు నెల నెలా పీకుతూనే ఉన్నారు. వేళ్లతో సహా రావాలి, దుబ్బు మిగిలితే మళ్లీ మొలుస్తుంది. రెండు నెలలున్నాను, నాలుగుసార్లు వెళ్లాను. అక్కడ వెయ్యమన్న చేతులతోనే ఇక్కడ పీకాను. గడ్డి తప్పు కాదు, చోటు తప్పు.

పెనుకొండ_రాళ్లు
అటు నుంచి ఇటు అంజన్ గడ్డి, ఇటు నుంచి అటు సర్కారు తుమ్మ డాక్టరు గారూ. మన చెరువులన్నీ కమ్మేసిన ఆ ముళ్ల చెట్టు అన్నదమ్ములే ఇక్కడ మెస్కీట్. ఇక్కడ దాన్ని నెత్తిన పెట్టుకుంటారు. కాయలు పిండి పట్టించి రొట్టెలు చేస్తారు. మొదటిసారి మార్కెట్లో ఆ పిండి ధర చూసి మా నాన్నకి ఫోన్ చేశా, "మన కుంటలో ఉన్నదంతా బంగారమే" అని. ఆయన "వచ్చి కొట్టుకుని పో" అన్నాడు.

వీసా_వెంకట్
😂😂 ఆ పిండితో రొట్టెలేనా, దోసె వస్తుందా?

పెనుకొండ_రాళ్లు
నాలుగో వంతు కలిపితే వస్తుంది. తియ్యగా ఉంటుంది, బాగా కారం చట్నీ కావాలి.

గోడమీదిపిల్లి
ఇన్ని రోజులు చదువుతూ కూర్చున్నా. ఒక విషయం చెప్పాలి. నేను సరిహద్దు ఊరు నోగాలెస్‌లో ఆరేళ్లు పనిచేశా. అక్కడి సాంటా క్రూజ్ నది శాన్ రఫాయెల్ లోయలోనే పుడుతుంది. పుట్టి దక్షిణానికి సొనోరాలోకి పోతుంది. అక్కడ వంపు తిరిగి నోగాలెస్ పక్కన మళ్లీ అమెరికాలోకి వచ్చి టూసాన్ వైపు ఉత్తరానికి పారుతుంది. ఒకే నది సరిహద్దు రెండుసార్లు దాటుతుంది. పైన లోయలో మట్టి కోసుకుపోతే కింద ఇద్దరికీ దెబ్బే, పైన ఊట పెరిగితే ఇద్దరికీ లాభమే. సరిహద్దు భద్రత కావాలనేవాళ్లలో నేనూ ఉన్నా, అక్కడ రాత్రిళ్లు ఏం జరుగుతుందో చూశా కాబట్టి. కానీ నది పుట్టే చోట ముప్ఫై అడుగుల ఇనుము పాతడం తప్పు. కెమెరాలు, సెన్సార్లు, బండ్లను ఆపే కమ్మీలు పెట్టుకోవచ్చు, జింకని ఆపక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో నేను గోడ దిగుతున్నా.

గొర్రెలమంద
దిగినందుకు సంతోషం అన్నా. నీ మాటతో నాకు ఒప్పుదల. మాల్పాయ్ వాళ్లలోనూ చాలామంది భద్రత కావాలనేవాళ్లే.

చాండ్లర్_శీను
మంచి పాయింట్. సుధ గారూ, ఇంతకీ మూడో శనివారం వెళ్లారా?

సాగువారో_సుధ
వెళ్లాం. మా అమ్మాయే ముందు బూట్లేసుకుని కూర్చుంది. పెనుకొండ అన్న చెప్పినట్టు మొదటి కట్టని విప్పి, గట్టులోకి గుచ్చి మళ్లీ కట్టాం. సగం అయ్యేసరికి చీకటి పడింది, ఎడమ వైపు అలాగే వదిలేసి వచ్చాం. వానలు పడ్డాక వెళ్లి చూసి రాస్తాను.

సాగువారో_సుధ
జూలై 19. ఇవాళే వెళ్లొచ్చాం. వారంలో రెండు గట్టి వానలు పడ్డాయట.

మొదటి కట్ట ఎడమ వైపు కొట్టుకుపోయింది, గుచ్చకుండా వదిలేసిన చోటే. రాళ్లు ఇరవై అడుగుల కిందికి దొర్లాయి. మిగతా నాలుగూ నిలబడ్డాయి. మూడో దాని వెనక ఒండ్రు చేరింది, మా అమ్మాయి స్కేలు గుచ్చి చూసింది, నాలుగు అంగుళాలు. పైన పలుచగా చిట్లిన బురద పెచ్చులు, కింద తడి ఇసుక. చెయ్యి పెడితే చల్లగా ఉంది. బయట 97 డిగ్రీల ఫారెన్‌హీట్. రాళ్ల సందుల్లో ఆకులూ పుల్లలూ దూరి గూడులా అల్లుకున్నాయి, వాటి మధ్య గడ్డి మొలకలు, గుండుసూదులంత. ఏ గడ్డో ఇంకా తెలీదు, డాక్టరు గారూ, అంజన్ కాకూడదని దండం పెట్టుకున్నాను.

బురదలో అడుగులు కూడా ఉన్నాయి. జింకవి రెండు వరసలు. ఇంకొకటి పొడుగు వేళ్లు, చిన్న పిల్లల చెయ్యిలా ఉంది. నవీన్, ఫొటో పంపిస్తున్నాను, ఏంటది?

నల్లగొండ_నవీన్
కోవాటీ అక్కా! తోక నిక్కబొడుచుకుని గుంపుగా తిరుగుతాయి, రకూన్‌కి దగ్గరి చుట్టం. దక్షిణం నుంచి వచ్చిన జీవి. దీని ఉత్తరపు అంచు మన ఈ కొండలే.

పెనుకొండ_రాళ్లు
నాలుగు అంగుళాలు మొదటి వానకే చాలా ఎక్కువ. ఎడమ వైపు మళ్లీ కట్టేటప్పుడు నేనొస్తా. దొర్లిన రాళ్లు పైకి మొయ్యొద్దు, ఉన్నచోటే ఇంకో వరస వేసేద్దాం.

చాండ్లర్_శీను
గోడ సంగతిలో నా మాట మారలేదు, వచ్చే వారం మా ప్రతినిధి ఆఫీసుకి పోతున్నా, 86 శాతం లెక్కా 13 కంతల లెక్కా నవీన్ దగ్గర తీసుకున్నా. ఈ అడుగుల ఫొటో కూడా పట్టుకెళ్లొచ్చా సుధ గారూ?

సాగువారో_సుధ
తప్పకుండా. పక్కన స్కేలు ఉన్న ఫొటో తీసుకెళ్లండి, అందులో స్పష్టంగా ఉంది. ఆగస్టు రెండో శనివారం కిత్తనార మొక్కలు నాటుతున్నారు. పొద్దున్న అయిదున్నరకి టూసాన్‌లో బయల్దేరాలి, పదకొండుకల్లా ఎండకి ముందే పని ముగించేస్తారు. నా కారులో ముగ్గురికి చోటుంది.

వీసా_వెంకట్
మేమిద్దరం. కాగితాలన్నీ ఫైల్లో పెట్టేసింది మా ఆవిడ. గ్లౌజులు వాళ్లిస్తారా, తెచ్చుకోవాలా?

సాగువారో_సుధ
ఇస్తారు గానీ పెద్ద సైజులే ఉంటాయి. మీ ఆవిడకి సొంతవి తెచ్చుకోమనండి. కిత్తనార ముల్లు బట్టలోంచి దిగుతుంది, తోలువి అయితే మంచిది.

తేనెపిట్ట_పద్మ
మూడో చోటు నాది. తవ్వలేను గానీ మొక్కలకి నీళ్లు పోస్తాను. పులిహోర తెస్తున్నాను, ఎంతమందికో గురువారం లోపు చెప్పండి.